బోదకాలు మాత్ర వెనక భీమవరం కుర్రాడు

మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మెడిసిన్ చదివినా పూర్తి డిగ్రీ చేతికి రాలేదు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినా పర్మనెంట్ పోస్టు దక్కలేదు. అయినా మన కోస్తా ఊళ్లలో ఇంటింటికీ పంచే ఒక మాత్ర యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ల్యాబ్ నుంచే బయటికొచ్చింది. మనుషుల దాకా రాకముందు దాన్ని పరీక్షించింది ఎలుకల మీద, కుక్కల మీద.

నెల్లూరు నుంచి మైపాడు బస్సు ఎక్కితే ఇందుకూరుపేట దాటిన కాసేపటికే గాలి మారుతుంది. ఒకపక్క వరిమళ్లు, ఇంకోపక్క రొయ్యల గుంటలు, ఆ పైన సముద్రం. పొద్దున్నే బీచ్‌కి వెళ్లి చూడండి. పడవలు ఒడ్డుకు చేరే వేళకి మనకన్నా ముందు అక్కడ కుక్కలు ఉంటాయి. వలలోంచి జారిపడే చిన్న చేపల కోసం కాచుకుని కూర్చుంటాయి. ఎవరివీ కావు, అందరివీ.

కుక్క జబ్బు అనగానే మనకు తట్టేది రేబిస్. తట్టాలి కూడా. కరిచినా, గోరు గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికెళ్లి టీకా వేయించుకోవాలి. ఇందులో రెండో మాట లేదు. కానీ ఈ కథ రేబిస్ గురించి కాదు. కుక్కకు దోమ అంటించే జబ్బు ఇంకోటుంది. దాని పేరు హార్ట్‌వార్మ్, తెలుగులో గుండెపురుగు అనుకోవచ్చు. ఆ పురుగుకీ, మన తాతల కాలం నుంచి కోస్తాను పీడించిన బోదకాలుకీ చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని ఆసరా చేసుకునే సుబ్బారావు బృందం మందు వెతికింది.

ఒకే కుటుంబం, వేరు వేరు ఇళ్లు

ముందు ఆ పురుగు సంగతి కాస్త తెలుసుకోవాలి. గుండెపురుగు శాస్త్రీయ నామం డైరోఫైలేరియా ఇమ్మిటిస్. సన్నగా దారంలా ఉంటుంది. పెరిగిన ఆడపురుగు 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే మీ స్కేలు పొడవు. కుక్క గుండె కుడివైపు గదిలో, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. అక్కడే పిల్లల్ని కంటుంది. కంటికి కనిపించని ఆ పిల్లల్నే మైక్రోఫైలేరియా అంటారు. అవి రక్తంలో తిరుగుతుంటాయి. దోమ కుట్టినప్పుడు రక్తంతో పాటు దాని కడుపులోకి వెళ్తాయి, సుమారు రెండు వారాల్లో అక్కడ ఎదిగి, ఆ దోమ ఇంకో కుక్కను కుట్టినప్పుడు అందులోకి దిగుతాయి. కొత్త కుక్కలో పురుగు పెద్దదై మళ్లీ పిల్లలు పెట్టడానికి ఆరేడు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఐదారేళ్లు బతుకుతుంది. కుక్క మొదట్లో మామూలుగానే ఉంటుంది. తర్వాత దగ్గు, పరిగెత్తితే ఆయాసం, చిక్కిపోవడం, చివరికి గుండె ఆగిపోవడం.

మన దేశంలో ఈ గుండెపురుగు ఎక్కువగా కనిపించేది ఈశాన్య రాష్ట్రాల్లో. దక్షిణాదిలో దాని చెల్లెలి లాంటి డైరోఫైలేరియా రిపెన్స్ ఎక్కువ. ఇది గుండె జోలికి పోదు, కుక్క చర్మం కింద ఉంటుంది. అప్పుడప్పుడూ దోమ దాన్ని మనిషికీ అంటిస్తుంది. కేరళలో కంటి డాక్టర్లు మనుషుల కంటి పొర కింద నుంచి బతికున్న ఈ పురుగుల్ని బయటికి తీసిన కేసులు మెడికల్ జర్నళ్లలో చాలానే ఉన్నాయి.

బోదకాలు తెచ్చేది ఊచరేరియా బ్యాంక్రాఫ్టి. అదీ ఫైలేరియా కుటుంబమే, అదీ దోమతోనే వ్యాపిస్తుంది. మురుగుకాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ దాని వాహనం. పెద్ద పురుగు మాత్రం మనిషి లింఫ్ నాళాల్లో ఉంటుంది. అక్కడ దారి మూసుకుపోయి కాలు వాచి, చివరికి ఏనుగు కాలులా అవుతుంది. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో దీని మీద అపోహలున్నాయి. బోదకాలు పురుగు కుక్కలో బతకదు. కుక్క వల్ల బోదకాలు రాదు. కుక్కలో ఉండేది దాని చుట్టం మాత్రమే. మందు కనిపెట్టేవాళ్లకు ఆ చుట్టరికమే అక్కరకొచ్చింది. మనిషి పురుగును ల్యాబ్‌లో పెంచడం కుదరదు కాబట్టి, దాని బంధువులున్న జంతువు మీద మందు పనిచేస్తే మనిషి మీదా పనిచేస్తుందన్న ఆశతో మొదలుపెట్టాలి.

మూడుసార్లు రాసిన మెట్రిక్

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో డబ్బు కష్టం, తండ్రికి అనారోగ్యం. చదువు మీద మనసు నిలవక ఒకసారి కాశీకి పారిపోదామని బయల్దేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బొస్తుందని కుర్రాడి లెక్క. ఇంటివాళ్లు పట్టుకొచ్చి మళ్లీ బళ్లో కూర్చోబెట్టారు. రాజమండ్రిలో చదివాడు, మెట్రిక్ పోయింది. మళ్లీ రాశాడు, మళ్లీ పోయింది. మద్రాసు వెళ్లి హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. ఈ పేజీ చదివేవాళ్లలో గ్రూప్స్‌కో, డీఎస్సీకో రెండో మూడో అటెంప్ట్ రాస్తున్నవాళ్లు ఉంటారు. ఆ లెక్క ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు మనసు రామకృష్ణ మిషన్ వైపు లాగింది. సన్యాసం తీసుకుంటానన్నాడు, తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే డాక్టరై కూడా చేయొచ్చని చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజులకు అండగా నిలిచింది అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి. ఆయన కూతురు శేషగిరితో 1919లో పెళ్లయింది.

మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. ఆపరేషన్ థియేటర్‌కీ ఖద్దరు గౌనుతోనే వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా దాని కన్నా కింది మెట్టు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టారు. ఒక గౌను గుడ్డ ఆయన జీవితాన్ని ఎంత దూరం వెంటాడిందో ముందు ముందు చూస్తారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలై, రక్తం లేక మనిషి కరిగిపోయే జబ్బు అది. తనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. మద్రాసు మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగానికి ప్రయత్నిస్తే రాలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ చెప్పే పని దొరికింది. అక్కడ ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టరు. కానీ అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బు ఏమిటో తెలుసుకోవాలన్న పట్టు ఆయన్ని ఊరుకోనివ్వలేదు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం కలిపి 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ వెళ్లాడు. గర్భవతిగా ఉన్న భార్య ఇక్కడే ఉండిపోయింది. రెండు మూడేళ్లలో వచ్చేస్తాననుకునే వెళ్లాడు.

బెడ్‌పాన్లు మోసిన డాక్టరు

హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరాడు. ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. స్కాలర్‌షిప్ లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరాడు. రోగుల బెడ్‌పాన్లు కడగడం, వార్డు శుభ్రం చేయడం పని. పగలు మాత్రం క్లాసులో మలేరియా, ఫైలేరియా, స్ప్రూ లాంటి ఉష్ణదేశాల జబ్బులు. ఆ డిప్లొమా తర్వాతి రోజుల్లో ఎంత పనికొచ్చిందో చూస్తే, ఆ రాత్రి డ్యూటీలకి జీతం ఇరవై ఏళ్ల తర్వాత అందిందనిపిస్తుంది.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి తయారుచేశారు. 1925లో అచ్చయింది. అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ ఉన్నంత మేరకు నీలం రంగు తేలుతుంది, ఆ రంగును బట్టి లెక్క. బయోకెమిస్ట్రీ, ఎంఎల్‌టీ విద్యార్థులు ప్రాక్టికల్ రికార్డు తీసి చూడండి, ఫిస్కే అండ్ సుబ్బారావు మెథడ్ అని రాసి ఉంటుంది. ఆ సుబ్బారావు మనవాడని చాలామంది గమనించరు.

ఆ పద్ధతితోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీని విడిగా గుర్తించాడు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ పర్మనెంట్ చేయలేదు. జూనియర్ హోదాలో పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లలో కాలేయం రసంలోంచి రక్తహీనతను తగ్గించే పదార్థం ఏదో తీద్దామని తంటాలు పడ్డాడు. స్ప్రూలో రక్తం ఎందుకు తగ్గిపోతుందో తెలియాలంటే అదే దారి మరి.

1940లో ఆయనకు 45 ఏళ్లు. యూనివర్సిటీ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. ఇది ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ల దృష్టిలో ఒక మెట్టు దిగడమే. ప్రొఫెసర్ కావాల్సినవాడు కంపెనీ ఉద్యోగి అయ్యాడు. తర్వాత రీసెర్చ్ డైరెక్టర్‌ను చేశారు. చేతికింద రసాయన శాస్త్రవేత్తలు, పరాన్నజీవుల నిపుణులు, సూక్ష్మజీవుల నిపుణులు, పెద్ద ల్యాబ్. ఇరవై ఏళ్లుగా ఒంటిచేత్తో చేయలేని పనులన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. 1945 నాటికి ఫోలిక్ ఆసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేశారు. స్ప్రూ రోగుల్లో రక్తహీనతకు అది మందైంది. సోదరులు పోయి అప్పటికి పాతికేళ్లు. ఫోలిక్ ఆసిడ్‌కు విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్ కూడా అక్కడే పుట్టింది. దాంతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో జబ్బును కొన్నాళ్లు తగ్గించి చూపించాడు. ఈ రెండు సంగతులూ చాలా పుస్తకాల్లో ఉన్నాయి. కుక్కల సంగతే పెద్దగా ఎవరూ చెప్పరు.

పత్తి ఎలుక, వీధి కుక్క

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు పసిఫిక్ దీవుల్లో దిగారు. అక్కడి దోమలు వేలమందికి ఫైలేరియా అంటించాయి. గజ్జల్లో వాపులు, జ్వరాలు, ఇంటికెళ్తే పెళ్లాం పిల్లలు చూసి భయపడేంత రూపం వస్తుందేమోనన్న దిగులు. అప్పటిదాకా ఉన్న మందులు ఆర్సెనిక్, ఆంటిమొనీ లాంటి విషపదార్థాల ఇంజెక్షన్లు. పురుగు కన్నా ముందు మనిషే నీరసించిపోయేవాడు. మన గోదావరి డెల్టాలో, నెల్లూరు తీరంలో తరతరాలుగా ఉన్న జబ్బుకి అమెరికా సిపాయికి వచ్చాక గానీ డబ్బు కదల్లేదు. చేదుగా ఉన్నా నిజం అదే. అయితే కదిలిన ఆ డబ్బు ఎవరి చేతికి వచ్చిందన్నది ముఖ్యం. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో పెరిగినవాడికి బోదకాలు పాఠ్యపుస్తకంలో బొమ్మ కాదు, వీధిలో రోజూ చూసిన మనిషి.

లెడర్లీలో పరాన్నజీవుల విభాగంలో హెవిట్, రసాయన విభాగంలో కుష్నర్ బృందం పనికి దిగాయి. తీరు ఇదీ: రసాయన విభాగం ఒక పదార్థం తయారుచేసి పంపుతుంది. దాన్ని పత్తి ఎలుకలకు పట్టిస్తారు. అమెరికా దక్షిణ ప్రాంతాల పొలాల్లో తిరిగే ఈ ఎలుకల్లో సహజంగానే ఒక ఫైలేరియా పురుగు ఉంటుంది. రోజూ చుక్క రక్తం తీసి మైక్రోస్కోప్ కింద పురుగు పిల్లల్ని లెక్కపెడతారు. తగ్గకపోతే ఆ పదార్థం పక్కకు. కాస్త తగ్గితే దాని నిర్మాణంలో చిన్న మార్పు చేసి మళ్లీ పంపుతారు. రోజూ లెక్కపెట్టడం, రాసుకోవడం, మళ్లీ లెక్కపెట్టడం. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం బోరు అనుకునేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ లెక్కపెట్టేవాళ్లు ఒక స్లైడు చూడకుండా వదిలేసినా మందు చేజారేది.

పిపరజీన్ అనే పదార్థం చుట్టూ అల్లిన ఒక రసాయనం దగ్గర లెక్క మారిపోయింది. రక్తంలో పురుగు పిల్లలు ఒక్కసారిగా మాయమయ్యాయి. దాని పేరు డైఇథైల్‌కార్బమజీన్, పొట్టిగా డీఈసీ. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్.

ఎలుకలో పనిచేస్తే చాలదు. ఎలుక చిన్నది, దాని పురుగూ వేరు. తర్వాతి మెట్టు కుక్క. గుండెపురుగు సహజంగా సోకిన కుక్కల్ని తీసుకున్నారు. ల్యాబ్‌లో అంటించింది కాదు, దోమ కుట్టి తెచ్చుకున్న జబ్బే. మందు ఇచ్చాక వాటి రక్తంలోనూ మైక్రోఫైలేరియా పడిపోయింది. ఎలుకల ఫలితాలు, కుక్కల ఫలితాలు కలిపి 1947లో జర్నల్ ఆఫ్ లేబొరేటరీ అండ్ క్లినికల్ మెడిసిన్‌లో అచ్చువేశారు. ఆ పేపర్లో మొదటి పేరు హెవిట్, చివరి పేరు సుబ్బారావు. అదే ఏడాది పోర్టోరికోలో బోదకాలు పురుగున్న మనుషులకు ఇచ్చి చూశారు. ఇంజెక్షన్ లేదు, సెలైన్ లేదు, నోట్లో వేసుకునే మాత్ర. అక్కడా పనిచేసింది.

ఆ మందు కుక్కలకూ మిగిలింది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో పెంపుడు కుక్కలకు గుండెపురుగు రాకుండా దోమల కాలమంతా రోజూ ఒక డీఈసీ మాత్ర వేయడం అలవాటైంది. అందులో ఒక ప్రమాదమూ బయటపడింది. అప్పటికే రక్తంలో పురుగు పిల్లలున్న కుక్కకు ఈ మాత్ర వేస్తే అవి ఒక్కసారిగా చచ్చి, కుక్క షాక్‌లోకి వెళ్లి చనిపోవచ్చు. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే మాత్ర అన్న నియమం వచ్చింది. 1987లో నెలకోసారి ఇచ్చే ఐవర్‌మెక్టిన్ కుక్కలకు వచ్చాక రోజూ మాత్ర వెనక్కి తగ్గింది. మీ ఇంట్లో కుక్క ఉంటే ఇంట్లో మిగిలిన బోదకాలు మాత్రను దానికి వేసే ప్రయోగం మాత్రం చేయకండి. పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చివరి ఏడాది

లెడర్లీలో ఇంకో పనీ సాగుతోంది. పెన్సిలిన్‌కు లొంగని సూక్ష్మజీవుల కోసం మట్టి నమూనాలు వెతికించేవాడు సుబ్బారావు. ఆ పనికి బెంజమిన్ డగ్గర్ అనే వృక్ష శాస్త్రవేత్త ఉన్నాడు. యూనివర్సిటీలో రిటైరై, డెబ్భై ఏళ్లు దాటాక లెడర్లీలో కొత్త ఉద్యోగంలో చేరినవాడాయన. మిస్సోరి మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948 జూలైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల ముందు పెట్టారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది.

ఈ మందు కథ కూడా తిరిగి తిరిగి కుక్కల దగ్గరికే వస్తుంది. పిడుదులు కుట్టడం వల్ల కుక్కలకు వచ్చే ఎర్లీకియా అనే జ్వరం మన వేడి ప్రాంతాల్లో మామూలు. ముక్కు నుంచి రక్తం, తిండి మానేయడం, నీరసం. దానికి ఈరోజు పశువైద్యులు రాసే డాక్సీసైక్లిన్ ఆ టెట్రాసైక్లిన్ కుటుంబానిదే. గుండెపురుగు చికిత్సలోనూ దాన్ని వాడుతున్నారు. పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, అది చస్తే పురుగు నీరసించి పిల్లల్ని పెట్టలేదు. సుబ్బారావు ల్యాబ్‌లో రెండు వేరు వేరు గదుల్లో మొదలైన దారులు యాభై ఏళ్ల తర్వాత ఒకే కుక్క చికిత్సలో ఇలా కలుసుకున్నాయి.

ఆయన మాత్రం ఇవేవీ చూడలేదు. ఆరియోమైసిన్ ప్రకటించిన కొద్దివారాలకే, 1948 ఆగస్టులో, పెర్ల్ రివర్‌లోని ఇంట్లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. 53 ఏళ్లు. హెట్రజాన్ అచ్చయి అప్పటికి ఏడాదే. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఇండియాకు తిరిగి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. భర్తను మళ్లీ చూడలేదు. ఆయన గురించి రాసేవాళ్లు ఈ వాక్యాన్ని గబగబా దాటేస్తుంటారు. త్యాగం అని ఒక మాట అనేసి ముందుకెళ్లిపోతారు. త్యాగం ఆయనది ఎంతో, ఆమెది అంతకన్నా ఎక్కువ. పైగా ఆమెను ఎవరూ అడగలేదు. కెరీర్ కోసం దేశాలు దాటాలనుకునేవాళ్లు ఈ భాగాన్ని కూడా చదవాలి.

ప్రచారం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. నోబెల్ రాలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం స్టాంపు వేసింది.

మాత్ర గుమ్మం దాకా వచ్చింది

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది, దానికి ఆధారం డీఈసీ మాత్రే. కోస్తా జిల్లాలతో పాటు నెల్లూరు కూడా ఫైలేరియా ఉన్న జిల్లాల జాబితాలో ఉంటూ వచ్చింది. 2004 నుంచి ఏడాదికోసారి అందరికీ మాత్రలు మింగించే కార్యక్రమం ఫైలేరియా ఉన్న జిల్లాల్లో పెట్టారు. పెద్దవాళ్లకు 100 మిల్లీగ్రాముల డీఈసీ మాత్రలు మూడు, ఆల్బెండజోల్ ఒకటి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడినవాళ్లకు ఇవ్వరు. రక్త నమూనాలు రాత్రి ఎనిమిది దాటాక తీస్తారు, ఎందుకంటే ఈ పురుగు పిల్లలు చీకటి పడ్డాకే పైరక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి సరిగ్గా. లెడర్లీలో ఎలుక రక్తపు చుక్కను లెక్కపెట్టినట్టే ఇక్కడా ఒక టెక్నీషియన్ స్లైడు మీద లెక్కపెడతాడు.

ఈ పనిలో ఉద్యోగాలున్నాయని చాలామంది డిగ్రీ విద్యార్థులకు తెలియదు. జువాలజీ, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకు పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎంఎస్సీ ఉంది. అంటే దోమల చదువు. సుబ్బారావు మెట్రిక్ తప్పిన రాజమండ్రిలోనే జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ ఉంది, ఫైలేరియా శిక్షణకు పేరున్న చోటు. జిల్లా మలేరియా విభాగంలో సబ్ యూనిట్ ఆఫీసర్లు, హెల్త్ అసిస్టెంట్లు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉంటారు. పశువైద్యం వైపు తిరుపతి శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల యానిమల్ హస్బెండ్రీ డిప్లొమా కూడా అక్కడిదే. హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ లాంటి సంస్థలు మనుషులకు, జంతువులకు రేబిస్ టీకాలు తయారుచేస్తాయి. వెళ్లేముందు ఆయా సంస్థల నోటిఫికేషన్లు చూసుకోండి, అర్హతలు మారుతుంటాయి.

ఇంతా చేసి మాత్ర గుమ్మం దాకా వచ్చాక ఏమవుతుందో తీరం ఊళ్లలో పనిచేసే ఆశా కార్యకర్తల్ని అడగండి. తర్వాత వేసుకుంటామని తీసుకుంటారు. అలమరలో పెడతారు. జబ్బు లేనివాళ్లకి మందెందుకని కొందరు, జ్వరం వస్తుందని కొందరు. అందుకే ఇప్పుడు ఎదురుగా నిలబడి మింగించమంటున్నారు. మాత్ర వేసుకున్న రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి వచ్చే మాట నిజమే. ఎక్కువగా అది రక్తంలో పురుగు పిల్లలున్నవాళ్లకే వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కాలు వాచకపోయినా ఒంట్లో పురుగు ఉండొచ్చు. మాత్ర వేస్తే జ్వరం వచ్చిందంటే ఇన్నాళ్లూ తెలియకుండా ఉన్న పురుగు పిల్లలు చస్తున్నాయని గుర్తు. ఈసారి మీ వీధికి ఆ మాత్రలు వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క సంగతి మీరే చెప్పాలి, ఎందుకంటే ఆశా కార్యకర్త పక్కింటికి వెళ్లిపోయి ఉంటుంది.